పెట్టె మీది పేరు, లోపలి చిప్పు

నేటి పలుచని లాప్‌టాప్‌లలో లాన్ కేబులును అమర్చుటకు తావే లేకపోవుటచేత, పేట్ బషీరాబాదు వంటి నగరోపాంతములలోని విద్యార్థులును గృహస్థులును, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి విపణులలో స్వల్పమూల్యమునకు లభించు యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టరులను ఆశ్రయించుచున్నారు.

అట్టి పరికరము పనిచేయనపుడు పెట్టె మీది పేరును నమ్మి డ్రైవరును వెదకుట వ్యర్థము. ఏలయన ఆ పేరు విక్రేతది, డ్రైవరు కావలసినదో లోపలి చిప్పునకు. ప్రతి యూఎస్‌బీ పరికరమును తన తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను కంప్యూటరునకు నివేదించును. విండోస్‌లో డివైస్ మేనేజరు తెరచి, ఆ పరికరపు ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ క్రింద హార్డ్‌వేర్ ఐడీస్ చూచినచో అవి గోచరించును. లినక్సులో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అను ఆజ్ఞ చాలును.

రియల్‌టెక్ చిప్పులలో 8152, ఏసిక్స్ చిప్పులలో 1790 తరచుగా కనబడు ఉత్పత్తి సంఖ్యలు. వీని డ్రైవర్లు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే ఉచితముగా లభించును. 9700 అని కనబడినచో అది ప్రాయికముగా ఎస్ఆర్9700 చిప్పు. లినక్సు కెర్నెలులో దానికి డ్రైవరు కలదు గాని, అది యూఎస్‌బీ 1.1 పద్ధతిదగుటచే, పైన 100 మెగాబిట్లని వ్రాసియున్నను సెకనుకు 12 మెగాబిట్లను దాటజాలదు.

కావున అపరిచిత స్థలములనుండి డ్రైవర్లను దించుకొని కంప్యూటరును అపాయమున పడవేయక, కొనుటకు పూర్వమే చిప్పు పేరడిగి తెలిసికొనుట వివేకవంతుల కర్తవ్యము.