నాలుగిళ్ళ బొంత

బొంత అంటే ఈ కాలపు పిల్లలకు నవ్వు. సోలాపురంలో పుట్టి పెరిగిన మాకు మాత్రం నవ్వు రాదు. చద్దర్లకు పేరుపడ్డ ఊరు మాది. వీధి వీధినా మగ్గం చప్పుడు వింటూ పెరిగాము. అయినా చలికాలంలో మేము కప్పుకున్నది ఆ చద్దరు కాదు, అమ్మ కుట్టిన బొంతే. నేసిన చద్దరు అమ్మకానికి, చిరిగిన చీర ఇంటికి. కరీంనగరం వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన మా తాతల నాటి నుంచీ ఇంట్లో లెక్క ఇదే.

మరాఠీ పొరుగువాళ్ళు దీన్ని గోధడీ అంటారు. నేను కాపురానికి వచ్చిన హుబ్బళ్ళిలో కౌది అంటారు. బెంగాలు, ఒడిశాల వైపు కంథా. పేరు ఏదైతేనేం, సరుకు ఒకటే, కట్టి కట్టి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర. కొత్త గుడ్డతో బొంత కుట్టి చూడండి, సూది మొరాయిస్తుంది, వేళ్ళు బొబ్బలెక్కుతాయి. పాత చీరలో సూది వెన్నలో దిగినట్లు దిగుతుంది. పైగా అది కుంచించుకుపోయేదంతా ఏనాడో కుంచించుకుపోయి ఉంటుంది గనుక ఉతికిన తరువాత బొంత ముడతలు పడదు.

మా అమ్మ 2018లో పోయింది. ఆమె చీరలు పదకొండు సోలాపురంలో పుట్టింటి ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. మేము నలుగురం ఆడపిల్లలం. పెద్దక్క భీవండిలో, చిన్నక్క పుణెలో, నేను హుబ్బళ్ళిలో, చెల్లెలు సిరిసిల్లలో. ఎవరు ఏది తీసుకోవాలో తేలక నాలుగేళ్ళు గడిచాయి. చివరకు ఒక సెలవుల్లో పెట్టె తెరిస్తే, మడత పెట్టిన చోటల్లా చీర చీలిపోయి ఉంది. నూలు చీరైనా పట్టు చీరైనా ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంచితే ఇంతే. ఏడాదికి రెండుసార్లయినా తీసి మడత మార్చాలి. ఆ మాట మాకెవరికీ తోచలేదు.

బొంత కుడదామన్నాను. పెద్దక్క మండిపడింది. “అమ్మ చీరకు కత్తెర పెడతారటే?” అంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లె సంగతి చెప్పాను. పత్తి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ సంతతి అక్కడ ఉన్నారు. 1942లో మిసౌరీ పెట్‌వే అనే ఆవిడ, భర్త పోయాక, అతను పొలం పనికి తొడుక్కున్న బట్టలన్నీ కత్తిరించి, అతని జ్ఞాపకంగా కప్పుకోవడానికి బొంతగా కుట్టుకుంది. ఆ పల్లె బొంతలను 2002లో హ్యూస్టన్‌లోనూ, ఆ తరువాత న్యూయార్కు విట్నీ మ్యూజియంలోనూ గోడలకు వేలాడదీసి చూపారు. అక్క అంతా విని, “ఆవిడ పేదరాలు, దుప్పటి లేక కుట్టుకుంది. మనకేం ఖర్మ?” అంది. ఒక ఆకుపచ్చ చీర తీసుకుని భీవండి వెళ్ళిపోయింది. దానికి జవాబు నా దగ్గర లేకపోయింది.

సరే, కుట్టడం ఎలా? అమ్మ కాలంలో అయితే గదిలో చీరలు పరిచి, చుట్టూ నలుగురు కూర్చునేవారు. మేము నాలుగు ఊళ్ళలో ఉన్నాము. మా హుబ్బళ్ళికి పడమటి అడవుల్లో, ఎల్లాపుర, హళియాళ, ముండగోడు ప్రాంతాల్లో సిద్దీలు ఉంటారు. వాళ్ళ పూర్వులు ఆఫ్రికావాళ్ళు, చాలామందిని పోర్చుగీసువారు గోవాకు బానిసలుగా తెచ్చారు. వాళ్ళ ఆడవాళ్ళ బొంతను కవంది అంటారు. పాత గుడ్డ పరుపు మీద అంచు నుంచి మొదలుపెట్టి, ముక్క పక్కన ముక్క పెట్టుకుంటూ, చుట్టూ తిరిగి తిరిగి నడుమకు చేరతారు. నాలుగు మూలలా గుడ్డ మడిచి ‘ఫూల’ అనే పువ్వులు కుట్టనిదే కవంది పూర్తయినట్లు కాదు. చూడటానికి నాకు అంతకంటే అందమైన బొంత లేదు. కాని అది ఒకచోట కూర్చుని కుట్టే పని.

మాకు పనికి వచ్చినది గడుల పద్ధతి. అమెరికాలో 1840 ప్రాంతాల నుంచి ఇది బాగా వాడుకలోకి వచ్చింది. ఊరు విడిచి పడమటి దేశాలకు వలసపోయే స్నేహితురాలి కోసం తలా ఒక గడి కుట్టి, దాని మీద తమ పేరు సిరాతో రాసి, అన్నీ కలిపి ఒక బొంత చేసి ఇచ్చేవారు. గుడ్డను తినని, ఉతికితే పోని సిరా అప్పటికి దొరకసాగింది. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని కుట్టవచ్చు. కొలత ఒక్కటే అందరిదీ ఒకటి కావాలి.

ఆ కొలత దగ్గరే ఇబ్బంది అంతా. కుట్టిన తరువాత గడి పన్నెండు అంగుళాలు రావాలంటే, కత్తిరించేటప్పుడు పన్నెండున్నర ఉండాలి. నాలుగు పక్కలా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది. మనిషికి తొమ్మిది గడులు, నలుగురికి ముప్పై ఆరు. వరుసకు ఆరు, ఆరు వరుసలు, ఆరడుగుల చదరం బొంత. అట్ట ముక్కను సరిగ్గా పన్నెండున్నరకు కోసి, దాని చుట్టూ గీత గీసి కత్తిరించమని అందరికీ ఫోనులో చెప్పాను. టేపు పెట్టి ప్రతిసారీ కొలిస్తే ప్రతిసారీ ఒక నూలు తేడా వస్తుంది.

చిన్నక్కవి తొమ్మిది వచ్చాయి. చెల్లెలివి తొమ్మిది వచ్చాయి. నావి తొమ్మిది ఉన్నాయి. పెద్దక్క నుంచి ఏమీ రాలేదు. ఇరవై ఏడు గడులతోనే చిన్న బొంత చేద్దామనుకుంటూ ఉండగా సోలాపురం నుంచి ఒక పార్సెలు వచ్చింది. విప్పితే తొమ్మిది తెల్లని గడులు, అక్కడక్కడ లేత పసుపు మరకలు. అమ్మ చివరి రెండేళ్ళు మంచంలో ఉన్నప్పుడు కట్టుకున్న చీర అది. లోపల వదిన చీటీ: “ఈ తొమ్మిదీ నావి. ఎక్కువైతే తిప్పి పంపండి.”

అమ్మకు రెండేళ్ళు స్నానం చేయించినదీ, ఆ చీర రోజూ ఉతికినదీ వదిన. పెట్టె తెరిచిన రోజు మాకు టీలు అందించినదీ వదినే. చీరల లెక్క వేసుకునేటప్పుడు మేము నలుగురమనే వేసుకున్నాము.

కొలిచి చూస్తే వదిన గడులు సరిగ్గా పన్నెండే ఉన్నాయి. మేము “అడుగు గడులు” అనుకోవడం ఆవిడ చెవిన పడింది గాని, కుట్టుకు వదలవలసిన అర అంగుళం సంగతి చెప్పినవాళ్ళు లేరు. ప్రతి గడికీ ఒక నిలువు పక్కన, ఒక అడ్డం పక్కన, అంగుళం వెడల్పు పట్టీ అతికించాను. కుట్టు పోగా అర అంగుళం పెరిగి లెక్క సరిపోయింది. పొరపాటున గడి చిన్నదైతే ఇదే మందు, పారవేయకండి.

వేసవి సెలవుల్లో మేము ముగ్గురమూ వదినా పుట్టింట్లో పదకొండు రోజులు కూర్చున్నాము. అడుగున పాత దుప్పటి, నడుమ బాపు ధోవతులు రెండు, పైన గడులు. ముందు నడుమ నుంచి అంచులకు పెద్ద టాకాలు వేసుకున్నాము. అంచు నుంచి మొదలుపెడితే నడుమ గుడ్డ పోగుపడి బుడిపె కడుతుంది. తరువాత రెండు వేళ్ళ ఎడంలో వరుసలు. పెద్దక్క ఒకరోజు వచ్చి కుర్చీలో కూర్చుంది. గడుల మీద చెయ్యి వెయ్యలేదు గాని, సాయంత్రం దాకా మా సూదులకు దారం ఎక్కించి ఇస్తూనే ఉంది.

ఇక నా ఘనకార్యం. నా గడుల్లో నాలుగు ఎర్ర చీరవి. తడి తెల్లగుడ్డ అదిమి రంగు పోతుందేమో చూడమని అందరికీ చెప్పినదాన్ని, నావి నేను చూడలేదు. మొదటి ఉతుకులోనే ఎరుపు దిగి, పక్కనున్న వదిన తెల్ల గడులు గులాబి రంగు తేలాయి. ఉప్పు నీళ్ళలో వేస్తే రంగు నిలుస్తుందని అందరూ అంటారు. మాకైతే నిలవలేదు. నాకు ఏడుపు వచ్చింది. వదిన చూసి, “అత్తమ్మ పసుపు మరకలు ఎంత ఉతికినా పోలేదు, నీ ఎరుపు పోతుందా? ఉండనీ,” అంది.

బొంత ఏడాదికొక ఇంట్లో ఉండాలని మొదట అనుకున్నాము. ఆ తరువాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అది వదిన మంచం మీదే ఉంది.

మొన్న భీవండి నుంచి పెద్దక్క ఫోను చేసింది. పిల్లల క్షేమాలు అయ్యాక, బొంతకు ఎన్ని పేటల దారం వాడామని అడిగింది. రెండు పేటలని చెప్పాను.