చుక్క దగ్గర తడబడే గొంతు

పత్రికలో ఆరోగ్య పేజీ 'రోజుకు 5 గ్రా. ఉప్పు చాలు' అంటుంది. భూమి కాగితంలో 'గ్రా. రుద్రారం, మం. పటాన్‌చెరు, జి. సంగారెడ్డి' అని ఉంటుంది. మొదటిది గ్రాములు, రెండోది గ్రామం. చూసి చదివేవాళ్లకు ఇందులో చిక్కేమీ లేదు. చూపు లేనివారికి పైకి చదివి వినిపించే యంత్రానికి మాత్రం అసలు పరీక్ష ఇక్కడే.

అచ్చు పుస్తకాన్ని చదివి వినిపించే యంత్రాన్ని అమెరికాలో రే కర్జ్‌వైల్ 1976లో లోకానికి చూపించాడు. గాయకుడు స్టీవీ వండర్ దాన్ని తొలినాళ్లలోనే కొనుక్కున్నాడు. ఆ తర్వాత పరిశోధకుడు డెన్నిస్ క్లాట్ మలచిన గొంతు, రాతను మాటగా పలికే డెక్‌టాక్ యంత్రంలోకి వచ్చింది. స్టీఫెన్ హాకింగ్ గొంతుగా లోకం విన్నదీ క్లాట్ పని ఫలితమే. చుక్కతో చిక్కు ఇలాంటి యంత్రాలకు ఇంగ్లిష్‌లోనూ ఉంది. 'డీఆర్' పక్కన చుక్క ఉంటే అది డాక్టరా, వీధి పేరు చివర వచ్చే డ్రైవా? పక్కనున్న పెద్దక్షరాలు అక్కడ కొంత ఆచూకీ ఇస్తాయి.

తెలుగులో చాలావరకు రాసినట్టే పలుకుతాం. అందుకని అక్షరాన్ని ధ్వనిగా మార్చడం ఇక్కడ సులువు. కానీ మన లిపిలో పెద్దక్షరాలు లేవు, ఆ ఆచూకీ దొరకదు. '5 మీ. దూరం'లో చుక్క మరిచిపోతే మీటర్ల దూరం కాస్తా 'మీ దూరం' అవుతుంది. 'రూ. 500కు' అన్నది ఇంకా తమాషా. ముందున్న రూపాయి వెనక్కి వెళ్లాలి, అంకెకు అంటుకున్న 'కు' దాని మీదికి మారాలి. అప్పుడే 'ఐదు వందల రూపాయలకు' అవుతుంది.

యంత్రం పక్క మాటలు చూస్తుంది. ముందు అంకె ఉంటే గ్రాములు. తర్వాత ఊరి పేరు, ఆపై 'మం.' ఉంటే గ్రామం. పిన్‌కోడ్‌కు లెక్క వేరు. పటాన్‌చెరులోని పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చిరునామాలోని 502324ను 'ఐదు లక్షల రెండు వేల...' అని చదివితే ఎవరికి ఉపయోగం? ఒక్కో అంకే పలకాలి.

ఇంగ్లిష్ బోర్డుల మీది పొడి అక్షరాలకూ ఒకే సూత్రం లేదు. ఇక్రిశాట్‌ను ఒకే మాటగా పలుకుతాం, బీహెచ్‌ఈఎల్‌ను అక్షరాలుగా విడదీస్తాం. ఇక 'ఓడీఎఫ్' అంటే పటాన్‌చెరు చుట్టుపక్కల వాళ్లకు ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం. స్వచ్ఛ భారత్ కాగితాల్లో అదే మాటకు అర్థం బహిరంగ మలవిసర్జన లేని ఊరు. యంత్రం ఇక్కడ తెలివి చూపకుండా మూడు అక్షరాలూ పలికి ఊరుకోవడమే మంచిది.

ఇలాంటి మాటలన్నిటినీ వర్గాలుగా విడదీసి, గణాంకాలతో తేల్చే పద్ధతిని పరిశోధకుడు రిచర్డ్ స్ప్రోట్ బృందం 2001లో వివరించింది. 2016లో ఆయనే నవదీప్ జైట్లీతో కలిసి ఇదే పనికి న్యూరల్ నెట్‌వర్క్‌లను పరీక్షించాడు. చాలావరకు సరిగ్గానే చదివాయి, కానీ అప్పుడప్పుడూ ఒక కొలతను ఏకంగా ఇంకో కొలతగా మార్చేశాయి. మందు మోతాదు విషయంలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. పొడి అక్షరాలు పొడిగానే వినిపిస్తే వినేవాడికి అనుమానమైనా వస్తుంది. తప్పు విస్తరణ మాత్రం నిజంలాగే వినిపిస్తుంది.

అందుకే తుది మాట వినేవాడి చేతిలో ఉండాలి. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన, తెర మీది రాతను చదివి వినిపించే ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో ఉచ్చారణ నిఘంటువు ఉంది. ఏ పొట్టి మాటను ఎలా చదవాలో వాడేవాళ్లే అందులో రాసుకోవచ్చు. అచ్చు వేసేవాళ్లు మందు మోతాదునైనా పొట్టి చేయకుండా 'మిల్లీగ్రాములు' అని పూర్తిగా వేస్తే యంత్రానికి ఊహించే పనే ఉండదు.