నలుగురు వింటుండగా

సిటీ బస్సు కండక్టరుకు తిట్టడం కూడా డ్యూటీలో భాగమే. వారాసిగూడలో ఉంటూ సికింద్రాబాద్, తార్నాక, ఉప్పల్ దారిలో ఏళ్ల తరబడి టికెట్లు కొట్టినవాణ్ణి. పొద్దున తార్నాక స్టాపులో ఎక్కే కాలేజీ పిల్లలకు లోపల జాగా ఉన్నా ఫుట్‌బోర్డే కావాలి. 'లోపలికి రా తమ్మీ' అంటే ఒకడు వస్తాడు. 'బుద్ధుందారా' అన్నామా, పక్కన దోస్తులుంటారు కాబట్టి ఇంకో అడుగు బయటికే జరుగుతాడు. అమ్మాయిలు చూస్తుంటే ఇక చెప్పనక్కర్లేదు, ఒంటిచేత్తో వేలాడతాడు.

పాత కండక్టర్లు నేర్పిన ఉపాయం వేరు. వాణ్ణి పల్లెత్తు మాట అనేది లేదు. 'హోల్డిన్! అన్నా, బండి పక్కకు తియ్యి, పిల్లలు పైకొచ్చినంక పోదాం' అని డ్రైవరుతో అనేవాణ్ణి. అర నిమిషం ఆగితే చాలు. ఆఫీసుకు టైమైపోతున్న జనం మిగతా పని చూసుకునేవారు. ఎవరు వింటున్నారన్నదాన్ని బట్టి ఒకే మాట ఒకడికి బుద్ధి చెబుతుంది, ఇంకొకడి పరువు తీస్తుంది. నా సర్వీసంతా ఈ లెక్క మీదే నడిచింది.

హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకూ ఈ లెక్క తెలుసు. తాగి బండి నడుపుతూ దొరికినవాణ్ణి ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు కౌన్సెలింగ్‌కు పిలిచినప్పుడు ఇంట్లోవాళ్లను కూడా వెంటబెట్టుకు రమ్మంటారు. పోలీసు పీకే క్లాసును ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడేమోగాని, పక్క కుర్చీలో తలదించుకుని కూర్చున్న నాన్నను ఏం చేస్తాడు?

ఈ మాట ఇంట్లో అంటే, ఓయూ క్యాంపస్‌లో లా చదువుతున్న మా అమ్మాయి 'చట్టం కూడా అదే అడుగుతుంది నాన్నా' అంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో, కులం పేరుతో దూషించడం నేరం కావాలంటే అది నలుగురి కంటపడే చోట జరిగి ఉండాలట. ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట దాని కిందికి రాదని 2020లో ఉత్తరాఖండ్ కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది నాకు పూర్తిగా మింగుడుపడలేదు. ఎవరూ లేని గదిలో పడ్డా ఆ మాట పడ్డవాడికి రాత్రి నిద్ర పట్టదు. బస్సులో మాత్రం ఆ సందేహమే లేదు, అది ఎప్పుడూ నలుగురున్న చోటే.

ఆఫీసు చివాట్ల సంగతికొస్తే మన ఊరి కేసే ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో ఇన్‌ఛార్జి డైరెక్టరు తన మీద గట్టిగా అరిచారని 2022 ఫిబ్రవరిలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పోలీసులకు ఫిర్యాదు చేశారు. పైవాళ్లకు తన మీద ఫిర్యాదులు చేసినందుకే అలా అరిచారన్నది ఆమె ఆరోపణ. కేసు కొట్టేయడానికి మన హైకోర్టు ఒప్పుకోలేదు. 2025 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు కొట్టేసింది. పాత శిక్షాస్మృతి 504వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే ఎదుటివాణ్ణి రెచ్చగొట్టి శాంతిభంగం చేయించాలన్న ఉద్దేశంతో అవమానించి ఉండాలి. మర్యాద లేకుండా, మొరటుగా మాట్లాడినంత మాత్రాన సరిపోదు. పని విషయంలో పై అధికారి మందలింపును నేరం చేస్తే ఆఫీసుల్లో క్రమశిక్షణ ఏం కావాలన్నది కోర్టు ప్రశ్న. 2024 జులై 1 నుంచి ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 352 అయింది, శిక్ష మాత్రం మారలేదు.

బడిలో గీత ఇంకాస్త ముందే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మా చిన్నప్పుడు బెంచీ ఎక్కించి నిలబెడితే అది శిక్ష అని కూడా అనుకునేవాళ్లం కాదు.

ఎవరినీ పేరుపెట్టి అనకుండా అందరినీ తిట్టే రకం ఇంకొకటుంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్లకు జీరో టికెట్లు కొట్టడం మొదలెట్టాక దాన్ని రోజూ విన్నాను. సీటు దొరకని పెద్దమనిషి కిటికీలోంచి చూస్తూ 'ఫ్రీ అని ఊకె తిరుగుతున్నరు' అంటాడు. ఎవర్నన్నాడంటే ఎవర్నీ కాదంటాడు. సీతాఫల్‌మండిలో ఇళ్ల పనికి పోయే ఒకామె ఓసారి అందుకుంది: 'ఊకె తిరిగెటోళ్లు పొద్దున ఆరింటికి లేస్తరా కొడకా?' బస్సంతా నవ్వింది. ఆయన ముందు స్టాపులోనే దిగిపోయాడు.

అయితే ఫోన్లు రాకముందు బస్సులో అన్న మాట బస్సులోనే ఉండేది. రిటైరయ్యే ముందు ఒక పిల్లగాణ్ణి ఫుట్‌బోర్డు మీంచి లోపలికి లాగి చెడామడా తిట్టాను. వాడి దోస్తు ఫోన్‌లో తీశాడు. వాడు వేలాడటం అందులో లేదు, నా అరుపులే ఉన్నాయి. సాయంత్రానికి మా బస్తీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. సగం మంది నాకు దండాలు పెట్టారు, సగం మంది నన్ను సస్పెండ్ చేయమన్నారు. మా ఇంటామె మాత్రం రెండుసార్లు చూసి, 'ఇంట్ల గిట్లనే అరుస్తవు, గది ఎవరూ తియ్యరు' అంది.