ఊరి వ్యానునకు క్రొత్త టైర్లు

తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టు వద్ద బారులు తీరి నిలిచియుండు లారీలను చూడని వారు మన ప్రాంతమున ఉండరు. ఆ లారీల టైర్లు నడిచి నడిచి అరిగిపోవును. ఊరి ఉమ్మడి వ్యాను సంగతి వేరు. సంచార వైద్యశాలగా తిరుగు వాహనము కానిండు, సినిమా యంత్రమును జనరేటరును మోసికొని వచ్చు ప్రచార వ్యాను కానిండు, బియ్యపు బస్తాలు, వంటపాత్రలు, పరుపులు ఎక్కించి కాశీ రామేశ్వరములకు బయలుదేరు యాత్రావాహనము కానిండు, అది చక్రములపై కట్టిన ఇల్లు వంటిది. దానిపై బరువు ఎల్లప్పుడును ఉండును. నడక మాత్రము తక్కువ. నెలకు ఇరువది దినములు రావిచెట్టు క్రింద నిలిచియుండును. దాని టైర్లు అరుగవు, ముసలివై పోవును. ఈ భేదమును గుర్తింపక కేవలము గాడులను చూచి “టైరు బాగున్నది” అని తృప్తిపడుటయే అనేక ప్రమాదములకు మూలము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఇట్టి వ్యాను ఒకదానిలో ఏలూరు నుండి తాడేపల్లిగూడెము వచ్చుచుంటిమి. ఉంగుటూరు దాటిన పిమ్మట ముందరి ఎడమ టైరు పేలినది. డ్రైవరు అనుభవజ్ఞుడు. బ్రేకు తొక్కక, స్టీరింగును గట్టిగా పట్టుకొని, బండి వేగము దానంతట తగ్గువరకు నిలువుగా పోనిచ్చి, తరువాత ప్రక్కకు తీసెను. లోపల ఏడుగురము ఉంటిమి. ఎవరికిని దెబ్బ తగులలేదు. దిగి చూడగా ఆ టైరు గాడులు క్రొత్తదానివలె లోతుగానే యున్నవి. తయారైన తేదీ చూడగా తొమ్మిదేండ్లు నిండినవి. ఆ తేదీని అంతకు పూర్వము మాలో ఎవరును చూచి యుండలేదు.

ఈ తేదీని చదువుట మిక్కిలి సులభము. టైరు ప్రక్కగోడపై చిన్న చట్రములో నాలుగు అంకెలుండును. 3224 అని యున్నచో 2024వ సంవత్సరము 32వ వారమున తయారైనదని అర్థము. ఒక వైపున కనబడనిచో రెండవ వైపున వెదకవలెను. రబ్బరు ఎండకు, గాలికి, కాలమునకు బిరుసెక్కి, ప్రక్కగోడలపై సన్నని పగుళ్ళు తేలును. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట నిపుణునిచే పరీక్ష చేయింపుడనియు, పదేండ్లు దాటిన టైరు ఎంత బాగుగా కనబడినను తీసివేయుడనియు పలువురు తయారీదారులు చెప్పుచున్నారు. ఎండలో నిలుచు మన వ్యానులకు పదేండ్ల వరకు ఆగుట మంచిది కాదని మా అభిప్రాయము.

క్రొత్త టైర్లు కొనుటకు ముందు చేయవలసిన పని దుకాణమునకు పోవుట కాదు, వేబ్రిడ్జికి పోవుట. ధాన్యపు మిల్లులున్న చోట కాటాకు కొదువ లేదు. వ్యానులో మామూలుగా ఉండు సామాను, మనుష్యులు, నిండు డీజిలు, నిండు నీటితొట్టితో తూచవలెను. ముందరి చక్రములను మాత్రము కాటాపై ఎక్కించి ఒకసారి, వెనుక చక్రములను మాత్రము ఎక్కించి మరియొకసారి తూచవలెను. వీలైనచో కుడి, ఎడమ భాగములను కూడ వేరుగా చూడవలెను. నీరు లీటరునకు కిలో బరువు. అయిదువందల లీటర్ల తొట్టి ఒక ప్రక్కన బిగించినచో అర టన్ను ఆ ప్రక్క టైర్లపైననే ఎక్కువగా పడును. ముందు భాగము 2,100 కిలోలు తూగినదనుకొందము. సగమునకు సగము పంచినచో ఒక్కొక్క టైరుపై 1,050. కాని జనరేటరు, తొట్టి ఎడమవైపున ఉన్నచో ఎడమ టైరుపై 1,200 కూడ ఉండవచ్చును. కొనవలసినది ఆ 1,200నకు సరిపోవు టైరు.

టైరు ఎంత మోయగలదో టైరుపైననే వ్రాసియుండును. చిన్న వ్యానులకు సాధారణముగా వాడు 7.50 ఆర్ 16 టైరును తీసికొందము. 7.50 అనగా టైరు వెడల్పు అంగుళములలో. ఆర్ అనగా రేడియల్. 16 అనగా రిమ్ము అడ్డుకొలత అంగుళములలో. తరువాత 122/118 ఎల్ అని యుండవచ్చును. 122 అను సంఖ్య 1,500 కిలోలకు గుర్తు. చక్రము ఒంటిగా ఉన్నచో మోయు బరువు అది. 118 అనగా 1,320 కిలోలు. వెనుక జంట చక్రములలో ఒక్కొక్క టైరునకు ఈ లెక్క. జంటలో శక్తి ఏల తగ్గవలెనని అడుగవచ్చును. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండును. జంటలో ఒకదానిపై భారము ఎప్పుడును ఎక్కువగానే పడును. ఎల్ అను అక్షరము గంటకు 120 కిలోమీటర్ల వేగపు హద్దును తెలుపును. ఇక “16 పి.ఆర్.” అని యున్నచో లోపల పదునారు పొరలున్నవని కాదు, అది బలమునకు పూర్వము ఏర్పడిన కొలత మాత్రమే.

నైలాన్ టైరు మేలా, రేడియల్ మేలా అను చర్చ ప్రతి గ్రామమునను కలదు. గతుకుల బాటలో నెమ్మదిగా పోవు బండికి నైలాన్ టైరు దిట్టమైన ప్రక్కగోడ ఉపకరించును. రహదారిపై ఎక్కువ దూరము పోవు వ్యానునకు రేడియల్ మేలు. అది తక్కువ వేడెక్కును. ఒకే ఇరుసుపై ఒకటి నైలాను, ఒకటి రేడియలు వేయుట మాత్రము ఎన్నడును తగదు. రీట్రెడ్ చేసిన టైరును ముందరి చక్రములకు వేయవద్దు. మోటారు వాహనముల టైర్లకు నాణ్యత తప్పనిసరి చేయుచు 2009లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు జారీ చేసినది, కావున ఐ.ఎస్.ఐ. గుర్తును చూచియే తీసికొనవలెను. క్రొత్త టైరులో పాత ట్యూబు, పాత ఫ్లాపు వేసి మిగుల్చు డబ్బు మిగులు కాదు.

ఇప్పుడు సమతూకము సంగతి. దీనినే షాపులలో వీల్ బ్యాలెన్సింగ్ అందురు. పైసలు వృథాయని మనవారు తరచు మానివేయునది ఇదియే. చేనిలో పిట్టలను తోలుటకు వడిసెల త్రిప్పిన వారికి దీని మర్మము చెప్పనక్కరలేదు. రాయి చిన్నదైనను త్రిప్పినకొలది చేతిని లాగును. వేగము రెట్టింపైనచో లాగుడు నాలుగు రెట్లగును. టైరు అంచున ఒకచోట 50 గ్రాముల బరువు ఎక్కువగా ఉన్నదనుకొనుడు. 40 కిలోమీటర్ల వేగమున అది సుమారు ఒకటిన్నర కిలోల బలముతో లాగును, డ్రైవరునకు తెలియదు. 80 కిలోమీటర్ల వేగమున ఆ బలము ఆరు కిలోలు దాటును, సెకనుకు సుమారు తొమ్మిది మార్లు చక్రమును ఎగురవేయ చూచును. స్టీరింగు వణకును, బేరింగులు చెడును, టైరు అక్కడక్కడ గుంటలుగా అరుగును. లోపల అద్దపు సీసాలతో మందుల పెట్టెయో, సినిమా యంత్రమో ఉన్నచో వాని గతి ఊహించుకొనవచ్చును.

షాపులో ఈ పని జరుగునప్పుడు పంచాయతీ తరఫున ఒకరు దగ్గర నిలువవలెను. మొదట రిమ్మును శుభ్రముగా గీకి, పాత బరువుబిళ్ళలను ఊడదీయవలెను. రిమ్ము వంకర యున్నచో ఎన్ని బిళ్ళలు పెట్టినను ప్రయోజనము లేదు. గాలి నింపిన చక్రమును యంత్రముపై త్రిప్పగా, ఏ వైపున ఎన్ని గ్రాములు వేయవలెనో అది చూపును. సీసపు లేక ఇనుప బిళ్ళలను అంచున బిగించి మరల త్రిప్పి, సున్న వచ్చినదని చూచిన పిమ్మటనే దింపవలెను. బిళ్ళలు మితిమీరి కావలసివచ్చినచో టైరును రిమ్ముపై అరచుట్టు త్రిప్పి ఎక్కించుమని అడుగుడు. తరచు సగము బరువుతోనే సరిపోవును. బండి ఒక ప్రక్కకు లాగుట, టైరు ఒక అంచున మాత్రమే అరుగుట సమతూకపు లోపము కాదు. దానికి అలైన్‌మెంటు చేయింపవలెను.

కొల్లేటి గ్రామముల వారికి ప్రత్యేకముగా ఒక మాట. చేపల చెరువుల గట్లపై నడచివచ్చిన బండికి చక్రముల లోపలివైపున నల్లమట్టి పట్టి, ఎండి, రాయివలె గట్టిపడును. యాభై గ్రాములేమి, అర కిలో కూడ పట్టును. వాన వెలిసిన తరువాత బండి వణకుట మొదలైనచో షాపునకు పరుగెత్తుటకు ముందు చక్రములను లోపలివైపు కడిగి చూడుడు. జంట చక్రముల నడుమ ఇరుక్కొన్న రాళ్ళను కూడ అప్పుడే తీసివేయవచ్చును.

ట్రాక్టరు నెమ్మదిగా నడచునది గనుక దానికి ఈ బ్యాలెన్సింగ్ అంతగా అవసరము లేదు. దాని వెనుక లాగు నీటి ట్యాంకరు మాట వేరు. అయిదువేల లీటర్లనగా ఇనుము బరువు కాక అయిదు టన్నులు. దానికి లారీలవారు పారవేసిన టైర్లు వేయుట మనము చూచుచున్నాము. వేసవిలో బిందెలతో ఆ ట్యాంకరు చుట్టు నిలుచువారు ఆడవారు, పిల్లలు.

గాలిని తెల్లవారుజామున, బండి కదలకముందే కొలువవలెను. నడచి వేడెక్కిన టైరులో ఒత్తిడి హెచ్చుగా కనబడును. అప్పుడు గాలి తీయరాదు. జంటలో లోపలి టైరును కర్రతో కొట్టి శబ్దము విని సరిపెట్టుకొనుట వాడుక. గేజి పెట్టక తప్పదు. నిలిపియుంచు బండిని నెలకొకసారియైనను కొన్ని కిలోమీటర్లు నడుపవలెను, నీడన నిలుపవలెను. నట్లను ఎదురెదురుగా బిగించి, 50–100 కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరల బిగించి చూడవలెను.

తీర్మానము వ్రాయునప్పుడు “నాలుగు టైర్లు, తక్కువ ధర” అని వ్రాసి ఊరకుండవద్దు. కొలత, బరువు సంఖ్య, వేగాక్షరము, తయారై ఆరు నెలలు దాటరాదను షరతు వ్రాసి కొటేషన్లు పిలువవలెను. బిగించిన టైర్ల నంబర్లను లాగ్‌బుక్కులో ఎక్కించవలెను. ఆ దినముననే స్టెప్నీని కూడ క్రిందికి దింపి, దాని నాలుగు అంకెలను చదువుడు. బండి క్రింద వ్రేలాడుచు ఎన్నడును నేలను తాకని ఆ టైరే తరచు అన్నింటికంటె పాతదై యుండును.