పరిశోధనవ్యాసంలో ఆకర సూచన: గ్రంథచౌర్య నివారణకు తెలుగు పరిశోధకులు పాటించవలసిన పద్ధతులు

వ్యాససంగ్రహం

ఇతరుల మాటను, భావాన్ని, సేకరణను ఆకరం చెప్పకుండా సొంతదిగా చూపడం గ్రంథచౌర్యం. సాఫ్ట్‌వేర్ ఇచ్చే సారూప్యశాతాన్నే చౌర్యానికి కొలమానంగా భావించే ధోరణి నేటి తెలుగు పరిశోధనరంగంలో కనిపిస్తున్నది. తెలుగు సాహిత్యానికి సంబంధించినంతవరకు ఆ శాతం పాక్షిక సాక్ష్యం మాత్రమే. పరిశోధకుల నిజాయితీకి అసలైన సాక్ష్యం ఆకర సూచన. ప్రాచీన ఆలంకారికులు కావ్యహరణాన్ని వివేచించిన తీరును, విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలను పరిశీలించి, తెలుగు ఆకరాలను ఉటంకించేటప్పుడు ఎదురయ్యే ప్రత్యేక సమస్యలకు ఆచరణీయమైన పద్ధతులను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రంథచౌర్యం, ఉటంకింపు, ఆకరాలు, పాదసూచిక, సారూప్యశాతం, పాఠాంతరం.

1. ఉపోద్ఘాతం

పరిశోధన పూర్వుల కృషి మీద నిలబడుతుంది. ముందువారు చెప్పినదేమిటి, తాము కొత్తగా చేర్చినదేమిటి అన్న విభజనరేఖ స్పష్టంగా ఉన్నప్పుడే ఒక వ్యాసం విలువను నిర్ణయించడం సాధ్యమవుతుంది. ఆ రేఖను చూపేది ఆకర సూచన. అది లేనప్పుడు పూర్వులకు దక్కవలసిన గౌరవం దక్కదు. పరిశోధకుల సొంత ఆలోచన కూడా ఎరువు సొమ్ముల నడుమ గుర్తింపునకు నోచుకోదు. ఉటంకింపును కేవలం నియమపాలనగా కాక, పరిశోధకుల స్వీయకృషికి రక్షణగా కూడా గ్రహించాలి.

మూలాన్ని ప్రకటించే సంప్రదాయం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ తన రచనకు వ్యాసభారతం మూలమని అవతారికలోనే తెలిపాడు. శ్రీనాథుడు హర్షుని నైషధాన్ని తెనిగించినట్లు దాచకుండా చెప్పుకొన్నాడు. పూర్వకవిస్తుతి కావ్యావతారికలో ఒక అంగంగా స్థిరపడింది. కవులు పాటించిన ఈ మర్యాదను నేటి పరిశోధకులు పుటసంఖ్యతో సహా పాటించవలసి ఉంటుంది.

2. ఆలంకారికుల దృష్టిలో హరణం

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో కవుల భావాల మధ్య కనిపించే సాదృశ్యాన్ని మూడు విధాలుగా విభజించాడు. మొదటిది ప్రతిబింబం వంటిది, రెండవది చిత్తరువు వంటిది, మూడవది ఒకే పోలిక గల ఇద్దరు మనుషుల వంటిది. మొదటి రెండింటిని విడిచిపెట్టాలని, మూడవదానికి తనదైన ప్రాణం ఉంటుంది కనుక దానిని విడువనక్కరలేదని ఆయన నిర్ణయం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణాన్ని, అర్థహరణాన్ని వేరువేరు అధ్యాయాల్లో చర్చించాడు. మాటను తీసుకోవడం, భావాన్ని తీసుకోవడం భిన్నమైనవన్న వివేకం మన శాస్త్రంలో వెయ్యేళ్లకు పైగా ఉందన్నమాట.

ఈ విభజన నేటి పరిశోధనకూ ఉపకరిస్తుంది. వాక్యాలను ఉన్నవున్నట్లు దింపుకోవడం ప్రతిబింబం. పదాలను మార్చి వాక్యక్రమాన్ని, తర్కాన్ని అలాగే ఉంచడం చిత్తరువు. ఇద్దరు పరిశోధకులు ఒకే ఆకరాలను స్వతంత్రంగా పరిశీలించి ఒకే నిర్ధారణకు రావడం మూడవ రకం. కవికి మూడవది నిర్దోషం. పరిశోధకులకు మాత్రం ఇక్కడ ఒక అదనపు బాధ్యత ఉంది. అదే నిర్ధారణను ముందుగా ఒకరు చేశారని తెలిసిన క్షణం నుంచి వారి పేరు చెప్పక తప్పదు.

3. సారూప్యశాతం చెప్పేది, చెప్పనిది

ఉన్నత విద్యాసంస్థల్లో గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం సారూప్యం 10 శాతం వరకు ఉంటే దండన లేదు. సిద్ధాంతగ్రంథంలో 10 నుంచి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40 నుంచి 60 శాతం వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించే అవకాశం ఉండదు. 60 శాతం మించితే పరిశోధక నమోదు రద్దవుతుంది. పట్టా పొందిన తరువాత చౌర్యం రుజువైనా ఆ పట్టాను నిలిపి ఉంచే అధికారం సంస్థకు ఉంది. ప్రచురణల విషయంలో అధ్యాపకులకు రెండవ స్థాయిలో ఒక వార్షిక ఇంక్రిమెంటు నిలుపుదల, రెండేళ్లపాటు పర్యవేక్షణకు అనర్హత విధించారు. మూడవ స్థాయిలో రెండు ఇంక్రిమెంట్లు, మూడేళ్ల అనర్హత ఉంటాయి.

ఈ నిబంధనలను చదివినవారిలో కొందరు 10 శాతాన్ని అనుమతిగా అర్థం చేసుకొంటారు. అది సరికాదు. వ్యాససంగ్రహం, ప్రతిపాదన, పరిశీలనలు, ఫలితాలు, నిర్ధారణలు మౌలికంగా ఉండాలని, వాటిలో సారూప్యం ఉండరాదని అదే నిబంధనలు చెబుతున్నాయి. సరైన ఆకర సూచనతో ఉన్న ఉటంకింపులను, గ్రంథసూచిని, విషయసూచికను, కృతజ్ఞతలను లెక్కనుంచి మినహాయించాయి. సర్వసాధారణ విషయాలకు, యాదృచ్ఛికంగా కలిసే పదాలకు వరుసగా 14 పదాల వరకు మినహాయింపు ఉంది.

తెలుగు పరిశోధనలో ఈ శాతం రెండు వైపులా తప్పుదారి పట్టించగలదు. ప్రబంధాలపై రాసిన సిద్ధాంతగ్రంథంలో పద్యాలు విస్తారంగా ఉదాహరిస్తారు. ఆ పద్యాలు అంతర్జాలంలోనూ ఉంటాయి కనుక, ఉటంకింపులుగా వాటిని స్పష్టంగా గుర్తించకపోతే నిజాయితీగా రాసిన అధ్యాయానికి ఎక్కువ శాతం రావచ్చు. మరోవైపు, దశాబ్దాల కిందట అచ్చై, యూనికోడ్‌లోకి రాని విమర్శగ్రంథంలోని ప్రకరణాన్ని తిరిగి టైపు చేస్తే సాఫ్ట్‌వేర్‌కు పోల్చడానికి మూలమే దొరకదు. స్కాన్ చిత్రాలుగా మాత్రమే ఉన్న గ్రంథాలు, అను ఫాంట్లలో కూర్చిన పాత ప్రతులు కూడా ఇదే స్థితిలో ఉన్నాయి. ఆంగ్ల, హిందీ విమర్శలను తెలుగులోకి అనువదించి సొంతవిగా చూపినా శాతం తక్కువగానే రావచ్చు. కాబట్టి తక్కువ శాతం నిర్దోషిత్వానికి రుజువు కాదు, ఎక్కువ శాతం దోషానికి రుజువు కాదు. ఆ తేడాను నిర్ణయించేది ఆకర సూచన ఒక్కటే.

4. దోషం ఏయే రూపాల్లో ప్రవేశిస్తుంది?

4.1 పదాలు మార్చిన పునఃకథనం: ఇది చిత్తరువు వంటి దోషం. ఒక నమూనా వాక్యంతో దీనిని గమనించవచ్చు. మూలం ఇలా ఉందనుకొందాం: "సంఘం తప్పులను ఎత్తిచూపే పనిని గురజాడ పండితులకు అప్పగించలేదు, సంఘం వెలివేసిన మధురవాణికి అప్పగించాడు." దీనినే "సమాజ దోషాలను చూపే బాధ్యతను గురజాడ విద్వాంసులకు ఇవ్వలేదు, సమాజం దూరం పెట్టిన మధురవాణికి ఇచ్చాడు" అని రాస్తే పర్యాయపదాలు తప్ప మారినదేమీ లేదు. పేరు చెప్పకపోతే అది చౌర్యం. పేరు చెప్పినా అది మంచి పునఃకథనం కాదు. సరైన రూపం ఇలా ఉండాలి: "మధురవాణిని సంఘవిమర్శకు గొంతుగా గురజాడ ఎంచుకొన్నాడని ఫలానా విమర్శకుని పరిశీలన. అయితే సౌజన్యారావు పంతులుతో ఆమె సమావేశాన్ని గమనిస్తే, ఆమె తనకు తాను గీసుకొన్న హద్దు కూడా కనిపిస్తుంది." ఇక్కడ మొదటి వాక్యం ఎవరిదో, రెండవ వాక్యం ఎవరిదో పాఠకులకు స్పష్టం. మొదటి వాక్యం చివర పుటసంఖ్య చేరిస్తే సూచన పూర్తవుతుంది.

4.2 భావహరణం: నన్నెచోడుని కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలుగులోకి తెచ్చి, ఆ కవి నన్నయకంటె ముందువాడని ప్రతిపాదించారు. ఆ వాదాన్ని అంగీకరించినా, ఖండించినా దానిని ప్రతిపాదించినవారి పేరు చెప్పాలి. సొంత మాటల్లో రాసినంత మాత్రాన వాదం సొంతం కాదు. నన్నయ రాజరాజనరేంద్రుని ఆస్థానకవి అన్నటువంటి అందరికీ తెలిసిన విషయానికి ఆకరం అవసరం లేదు. వివాదం ఉన్నచోట, ఒకరి కృషితో తేలిన విషయం ఉన్నచోట ఆకరం తప్పనిసరి.

4.3 ఎరువు పాదసూచిక: అద్దంకి శాసనంలోని తరువోజను ఒక సాహిత్యచరిత్ర నుంచి తీసుకొని, పాదసూచికలో మాత్రం శాసనసంపుటాన్ని చూపడం సాధారణంగా జరిగే పొరపాటు. చూడని ఆకరాన్ని చూసినట్లు చెప్పడం పాఠకులను మోసగించడమే. మధ్య గ్రంథంలో అచ్చుతప్పు ఉంటే అది కూడా ప్రామాణికమై కొనసాగుతుంది. మూలం దొరకనప్పుడు ఫలానా గ్రంథంలో ఉదాహృతమని రాయడమే న్యాయం.

4.4 స్వీయచౌర్యం: తాము ముందే ప్రచురించిన భాగాన్ని ఆ సంగతి చెప్పకుండా కొత్త వ్యాసంగా ప్రచురించడం కూడా దోషమే. దీనిపై నిధుల సంఘం 2020లో ప్రత్యేక ప్రకటన ఇచ్చింది. సిద్ధాంతగ్రంథం నుంచి తీసిన వ్యాసమైతే ఆ విషయాన్ని మొదటి పుటలోనే తెలపాలి.

5. తెలుగు ఆకరాలను ఉటంకించే విధానం

ఎం.ఎల్.ఏ., ఏ.పి.ఏ. వంటి శైలీపద్ధతులు పాశ్చాత్య గ్రంథాలను దృష్టిలో ఉంచుకొని రూపొందాయి. వాటిని అనుసరిస్తూనే తెలుగు ఆకరాల స్వభావానికి తగిన సర్దుబాట్లు చేసుకోవాలి.

5.1 కర్తృనామం: పాశ్చాత్య పద్ధతిలో ఇంటిపేరును ముందుకు తెచ్చి కామా పెడతారు. తెలుగు పేర్లలో ఇంటిపేరు సహజంగానే ముందుంటుంది. "గురజాడ అప్పారావు" అని గానీ, "అప్పారావు, గురజాడ" అని గానీ రాయవచ్చు. పత్రిక నియమం ఏదైతే అది ఆద్యంతం ఒకే తీరుగా ఉండాలి. శ్రీశ్రీ, ఆరుద్ర, చలం వంటి కలం పేర్లను ముఖపత్రంపై ఉన్నట్లే ఇవ్వాలి.

5.2 ప్రాచీన కావ్యాలు: కావ్యాన్ని పుటసంఖ్యతో మాత్రమే సూచిస్తే వేరే ముద్రణ చేతిలో ఉన్న పాఠకునికి ప్రయోజనం ఉండదు. పర్వం లేదా కాండం, ఆశ్వాసం, గద్యపద్య సంఖ్య ఇవ్వాలి. సంఖ్యలు, పాఠాలు ముద్రణను బట్టి మారుతుంటాయి కనుక గ్రంథసూచిలో ఏ ముద్రణను అనుసరించారో తెలపాలి. పాఠాంతరం మీద వాదం నిలబడితే కనీసం రెండు ముద్రణలను పోల్చిచూపాలి. భారతం వంటి బహుకర్తృక కావ్యంలో కవిని కూడా పేర్కొనాలి. అరణ్యపర్వంలో నన్నయ భాగం నాలుగో ఆశ్వాసం నడుమ ముగుస్తుంది కాబట్టి పర్వం పేరు మాత్రమే చెబితే కర్త ఎవరో తేలదు.

5.3 ఆధునిక రచనల ముద్రణలు: కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో, సమూలంగా మార్చిన రెండవ కూర్పు 1909లో వెలువడ్డాయి. రెండూ వేరువేరు పాఠాలు. ఏ కూర్పో చెప్పకుండా సంభాషణను ఉదాహరిస్తే వాదానికి ఆధారం సందిగ్ధమవుతుంది. మహాప్రస్థానంలోని గీతాలలో అనేకం 1930లలో రాసినవి, గ్రంథం 1950లో వచ్చింది. పరిశోధకుల చేతిలో ఉన్నది తరువాతి పునర్ముద్రణ కావచ్చు. అటువంటప్పుడు పరిశీలించిన ముద్రణ సంవత్సరాన్ని ఇచ్చి, మొదటి ముద్రణను కుండలీకరణంలో చూపాలి.

5.4 పీఠికలు: తెలుగు విమర్శలో చాలా భాగం పీఠికల్లో ఉంది. మహాప్రస్థానానికి పీఠికగా ఉన్న యోగ్యతాపత్రం చలం రచన. అందులోని అభిప్రాయాన్ని శ్రీశ్రీ పేరుతో సూచించడం తప్పు. పీఠికాకర్తను కర్తగా చూపి, తరువాత గ్రంథవివరాలు ఇవ్వాలి.

5.5 మౌఖిక ఆకరాలు: జానపదసాహిత్య పరిశోధనలో పాటను పాడినవారు, కథను చెప్పినవారు ఆకరదాతలు. వారి అనుమతితో పేరు, గ్రామం, సేకరణ తేదీ నమోదు చేయాలి. అంతకుముందే ఇతరులు సేకరించి ముద్రించిన పాటను తమ క్షేత్రసేకరణగా చూపడం తీవ్రమైన దోషం, ఎందుకంటే దానివల్ల ఆ పాట వ్యాప్తి గురించి అబద్ధపు సాక్ష్యం పుడుతుంది.

5.6 అంతర్జాల ఆకరాలు: రచయిత, శీర్షిక, వెబ్‌సైటు పేరు, లంకె, చూసిన తేదీ ఇవ్వాలి. కృత్రిమమేధ సాధనాలు లేని గ్రంథాలకు కూడా ఉన్నట్లుగా వివరాలు అల్లగలవు. చేతితో తెరిచి చూడని గ్రంథం గ్రంథసూచిలో చేరకూడదు.

6. వ్యాసరూపం, రచనాక్రమం

వ్యాసాన్ని యూనికోడ్ లిపిలో కూర్చాలి. శీర్షిక, వ్యాససంగ్రహం, కీలకపదాలు, ఉపోద్ఘాతం, సంఖ్యలిచ్చిన ఉపశీర్షికలతో విషయవివేచన, ముగింపు, పాదసూచికలు, ఉపయుక్తగ్రంథసూచి వరుసగా ఉండాలి. చిన్న ఉటంకింపులను ఉద్ధరణచిహ్నాల్లో, పద్యాలను, దీర్ఘభాగాలను లోపలికి జరిపి విడిపేరాగా చూపాలి. వ్యాసంలో ప్రస్తావించిన ప్రతి గ్రంథం సూచిలో ఉండాలి. గ్రంథసూచిలో చేర్చిన ప్రతి గ్రంథానికీ వ్యాసంలో ప్రయోజనం ఉండాలి.

అయితే ఆకర సూచన వ్యాసం పూర్తయ్యాక చేర్చే అలంకారం కాదు. దోషానికి బీజం తరచుగా నోటుపుస్తకంలోనే పడుతుంది. చిహ్నాలు, పుటసంఖ్య లేకుండా రాసుకొన్న వాక్యం రెండేళ్ల తరువాత పరిశోధకులకే తమ వాక్యంగా తోస్తుంది. దురుద్దేశం లేకుండా జరిగే చౌర్యానికి ఇదే మార్గం. కనుక చదివేటప్పుడే మూలవాక్యాన్ని చిహ్నాల్లో, దాని సారాన్ని విడిగా, సొంత స్పందనను మరొకచోట రాసుకోవాలి. ప్రతిదానికీ గ్రంథం పేరు, ముద్రణ, పుటసంఖ్య అప్పటికప్పుడే చేర్చాలి. పర్యవేక్షకులు మొదటి ఏడాదిలోనే ఈ నోటుపుస్తకాన్ని చూడడం అలవాటు చేసుకొంటే, సమర్పణకు ముందురోజు సారూప్యశాతం కోసం ఆందోళన పడే అవసరం చాలావరకు తప్పుతుంది.

7. ముగింపు

- సారూప్యశాతం పరిశీలనకు సాధనం మాత్రమే. తెలుగు ముద్రితసాహిత్యంలో చాలా భాగం దాని పరిధికి వెలుపల ఉన్నందున నిర్ణయాన్ని దానికే వదలరాదు.
- మాటకే కాక భావానికి, వాదానికి, సేకరణకు కూడా ఆకరం చెప్పాలి.
- ప్రాచీనకావ్యాలకు ఆశ్వాస, పద్యసంఖ్యలతోపాటు అనుసరించిన ముద్రణను, ఆధునిక రచనలకు కూర్పును, పీఠికలకు పీఠికాకర్తను పేర్కొనాలి.
- చూడని ఆకరాన్ని చూసినట్లు చెప్పరాదు.
- ఉటంకింపు క్రమశిక్షణ వ్యాసరచనతో కాక పఠనంతోనే మొదలుకావాలి.

సాఫ్ట్‌వేర్ పట్టుకోలేని చోట పరిశోధకుల నిజాయితీ ఒక్కటే కాపలా. నేటి వ్యాసం రేపటివారికి ఆకరమవుతుంది. అందులో ఎవరి మాట ఎవరిదో తేటగా ఉంటేనే తరువాతివారు దానిమీద ధైర్యంగా ఆధారపడగలుగుతారు.