గచ్చులో నిలిచిన రంగు

తమిళనాట చెట్టినాడు ప్రాంతమందలి ఆత్తంగుడి గ్రామములో రంగుల సిమెంటు పలకలు నేటికిని చేతితోనే తయారగుచున్నవి. పనివాడు గాజుపలకపై చట్రమునుంచి, అందులో పువ్వుల, లతల గీతలుగల లోహపు అచ్చును అమర్చును. రంగు కలిపిన సిమెంటు జారును ఒక్కొక్క గడిలో పోసి, అచ్చును మెల్లగా పైకి తీయును. పైన పొడి సిమెంటు, ఇసుక చల్లి, తడి గారను మెత్తి చదును చేయును. పిదప నీట నానవేసి ఆరబెట్టగా గాజు విడివడును. దాని నునుపు పలకకు దక్కును. కొలిమితో పనిలేదు.

ఇంత శ్రమ యెందులకు? గట్టిపడిన సిమెంటుపై పూసిన రంగు నడకకు అరిగిపోవును. లోన కలిసిన రంగు నిలుచును. కాని అన్ని రంగులును ఇందుకు పనికిరావు. సిమెంటు తడియగా పుట్టు సున్నపు క్షారము ప్రష్యన్ నీలమువంటి వానిని చెరచును. ఇనుప ఆక్సైడులు ఆ క్షారమునకు తాళగలవు. తెలుగునాట పాత యిండ్ల ఎర్రగచ్చులకు ఆ ఎరుపు నిచ్చినదియు ఇనుప ఆక్సైడే.

అట్లని రంగును విరివిగా కలుపరాదు. సిమెంటు బరువులో నూటికి 10 వంతులు మించినచో గచ్చు బలము తగ్గును. పాలు తప్పి ఒకసారి గట్టిపడిన పిదప దిద్దుబాటు లేదు. పనివాని నేర్పంతయు తడి ఆరకమునుపే తేలిపోవును.