వార్తల్లో పదం: నిర్మాణ వ్యర్థాల ఈపీఆర్

ఈపీఆర్ అంటే విస్తరిత ఉత్పత్తిదారు బాధ్యత. వస్తువును తయారుచేసినవారే అది వ్యర్థమయ్యాక రీసైక్లింగ్‌కూ పూచీపడాలి. ప్లాస్టిక్‌కు ఉన్న ఈ పద్ధతిని కేంద్రం 2025 నిబంధనలతో, 2026 ఏప్రిల్ 1 నుంచి నిర్మాణాలకూ తెచ్చింది. 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత వైశాల్యమున్న ప్రాజెక్టులు ఇందుకోసం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదై, నిర్దేశించిన మేర వ్యర్థాలను రీసైకిల్ చేయించాలి. చిన్న ఇళ్లకు ఈ లక్ష్యం లేదు.

ఆర్కిటెక్చర్ విద్యార్థికి ఇది తొలి ఏడాది నుంచే అవసరమైన పాఠం. వ్యర్థంలో కొంత భాగం నక్షా దగ్గరే ఖాయమవుతుంది: గది కొలత టైలు కొలతకు కుదరకపోతే ప్రతి వరుసలో ఓ ముక్క చెత్తలోకే! పాత గుమ్మాలు, ఇటుకలు లెక్కరాసి కొత్త ఇంట్లో ఇమడ్చడమూ రూపకల్పనే. ఇక సిమెంటు సంగతి: తమిళనాడులో తెలుగు రాజుల సామాజిక వర్గం స్థిరపడిన రాజపాళయం, రామ్‌కో సిమెంటు కంపెనీకి పునాది వేసిన రామసామి రాజా ఊరు. అక్కడి విద్యార్థులకు సిమెంటు పుట్టుకతో పాటు కాంక్రీటు కూలాక ఏమవుతుందో కూడా తెలియాలి. నలగ్గొడితే అది పేవర్ బ్లాకులకు కంకరగా పనికొస్తుంది. హైదరాబాద్ జీడిమెట్ల రీసైక్లింగ్ కేంద్రంలో జరిగే పని అదే.